పందెం కోడికి ఇల్లు చూసిన వేసవి

మా జంతువుల షెల్టర్లో నాకు అప్పగించిన పని ఒక్కటే, లేదని చెప్పడం. కుక్కపిల్లలకు పాలు పట్టడానికీ, పుళ్ళు కడగడానికీ, పెద్ద గుండిగలో అన్నం వండి వార్చడానికీ నాకన్నా ఓపిక ఉన్నవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు. పెంచుకుంటామని వచ్చిన మనిషి ముఖం చూస్తూ ‘మీకివ్వనండి’ అనగలిగినవాళ్ళు మాత్రం నేను చేరేదాకా ఒక్కరూ లేరు.

మా గోదావరి జిల్లాల వాళ్ళకి లేదనడం చేతకాదు. ఇష్టం లేకపోతే ‘చూద్దామండి’ అంటాం. బొత్తిగా ఇష్టం లేకపోతే ‘తప్పకుండానండి’ అంటాం. షెల్టర్ పెట్టిన పిల్లలు, అంటే ఒక పశువుల డాక్టరమ్మ, ఇద్దరు కాలేజీ లెక్చరర్లు, ఒక మందులషాపు ఆయన, అందరూ వెన్నలాంటి మనుషులు. అడిగినవాడికల్లా కుక్కనిచ్చి పంపేవారు. నెల తిరిగేసరికి ఆ కుక్క ఏ రొయ్యల చెరువు గట్టునో మూరెడు గొలుసుకి కట్టేసి ఉండేది. అప్పుడు అందరూ కూర్చుని బాధపడేవారు. నేను పోస్టాఫీసులో ముప్పయ్యేళ్ళు కౌంటరు వెనక కూర్చుని రిటైరైనదాన్ని. ఫారం సరిగ్గా నింపకపోతే సొంత అన్నగారినైనా వెనక్కి పంపిన చరిత్ర నాది. ఆ సంగతి పాలకొల్లులో చాలామందికి తెలుసు కాబట్టి వాళ్ళే మా ఇంటికొచ్చి నన్ను పిలుచుకెళ్ళారు. మా ఆయన అయితే ‘ఇన్నాళ్ళకి నీ నోటికి తగ్గ ఉద్యోగం దొరికింది’ అన్నారు.

షెల్టర్ ఊరి చివర కాలవ గట్టున ఉంది. మూతపడిన రైసుమిల్లు అది. గోడలు ఇంకా తవుడు వాసన వేస్తాయి. ధాన్యం ఆరబోసే కళ్ళంలో కుక్కలు తిరుగుతాయి, బస్తాలు పేర్చే గదుల్లో పిల్లులు. లారీ గుద్దిన కుక్కలు, గేలం మింగిన పిల్లులు, కొమ్ము విరిగిన ఎడ్లు ఎక్కడున్నా ఫోనొస్తుంది, మావాళ్ళు వెళ్ళి తీసుకొస్తారు. బాగుచేస్తారు. ఆ తరవాతే నా పని మొదలవుతుంది.

రెండు పేజీల ఫారం తయారుచేశాను. ఇంట్లో ఎంతమంది, పగలు ఎవరుంటారు, ఊరెళితే ఎవరికి అప్పజెబుతారు, ఇంతకుముందు పెంచిన కుక్క ఏమైంది. ఫారం అయ్యాక ఇల్లు చూడ్డానికి వెళతాను. దొడ్డి, పెరడు, మేడ మెట్లు, అన్నీ చూస్తాను. ‘పెళ్ళి సంబంధానిక్కూడా ఇంత వాకబు చెయ్యరండీ’ అన్నాడొకాయన విసుక్కుంటూ. ‘పెళ్ళికూతురైతే కష్టమొస్తే నోరు తెరిచి చెప్పుకోగలదండీ’ అన్నాను. ఆయనకి కుక్కని ఇవ్వలేదు. విసుక్కున్నందుకు కాదు, ఆయన ఫ్లాట్‌లో బాల్కనీకి గ్రిల్ లేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇంత జాగ్రత్త మనిషిని, అయిదేళ్ళ కిందట ఒక కోడి విషయంలో బోర్లాపడ్డాను.

ఆ ఏడు మార్చిలో ఒక కానిస్టేబులు మోటారుసైకిలు వెనక గంప కట్టుకుని వచ్చాడు. పండగ పందేలు అయిపోయినా కొబ్బరితోటల్లో చాటుగా వేస్తూనే ఉంటారు కదా. అలాంటి ఒక బరి మీద పోలీసులు పడితే జనం పారిపోయారు, కోళ్ళు మిగిలిపోయాయి. బాగున్నవాటిని స్టేషన్లో ఉంచారు, తరవాత వేలం వేస్తారు. దీనికి మాత్రం ఎదుటి కోడి కాలికి కట్టిన కత్తి రెక్క కింద దిగి తొడ దాకా చీరేసింది. ‘ఇది సాయంత్రం దాకా ఉండదనుకుంటానండి. అక్కడ అప్పుడే ఎవరో మసాలా సంగతి మాట్లాడుతున్నారు. నాకు మనసొప్పలేదండి’ అని గంప దించి వెళ్ళిపోయాడు.

డాక్టరమ్మ పందొమ్మిది కుట్లు వేసింది. అంతసేపూ నేను దాని కాళ్ళు పట్టుకుని ఉన్నాను. ఎర్రటి ఈకల కోడి, డేగ అంటారు మా వైపు. తోక నల్లగా, ఎండ పడితే ఆకుపచ్చగా మెరుస్తుంది. కుట్లు వేస్తుంటే అరవలేదు, కొట్టుకోలేదు, నా మొహంలోకి చూస్తూ ఉంది. కుట్లయిపోయి నేను చెయ్యి వదలగానే మాత్రం రక్తం వచ్చేట్టు పొడిచింది. నేను దాన్ని నానా తిట్లూ తిట్టాను. ఆ రోజు నుంచి నాకు ఆ కోడంటే ప్రాణం. ఎందుకని అడిగితే చెప్పలేను. కోళ్ళంటే నాకెప్పుడూ ప్రేమ లేదు.

మేం పెట్టే నూకలు వారం రోజులు ముట్టలేదు. బాదంపప్పు, కైమా తిని పెరిగిన ఒళ్ళది. మా ఇంట్లో బాదంపప్పు పాయసంలోకి కూడా చెయ్యి వెనక్కి లాగుతూ వేస్తాం. అలాంటిది రోజూ నానబెట్టి తీసుకెళ్ళి ఒక్కొక్కటే పెట్టాను. నెలకల్లా గాయం మానింది. కొంచెం కుంటినా రొమ్ము విరుచుకునే నడిచేది.

ఇక్కడే చిక్కొచ్చింది. కుక్కలున్న చోట దాన్ని వదలడానికి లేదు. అంటురోగం వచ్చిన కుక్కపిల్లల్ని విడిగా ఉంచే గది ఒకటుంటే అందులో పెట్టాం. ‘జూన్‌లో వానలు పడితే పార్వో వచ్చిన కుక్కపిల్లలు వరస కడతాయండీ. ఆ గది ఖాళీ కావాలి’ అంది డాక్టరమ్మ. ‘ఈలోగా దీనికి ఇల్లు దొరక్కపోతే స్టేషనుకి తిరిగి అప్పజెప్పడమే.’ అప్పజెబితే వేలం. వేలంలో పాడుకునేవాడు దాన్ని బరికైనా తీసుకెళతాడు, పొయ్యి మీదకైనా తీసుకెళతాడు. జూన్ లోపల కత్తీ లేని, కూరా లేని ఇల్లొకటి నేను వెతకాలి. అదీ గోదావరి జిల్లాలో.

వచ్చారు జనం, రాకేం! కుక్కపిల్లల కోసం కూడా అంతమంది ఎప్పుడూ రాలేదు. తెల్లచొక్కాల వాళ్ళు, కార్ల వాళ్ళు, చేతులు కట్టుకుని ఎంతో వినయంగా, ‘సరదాగా పెంచుకుంటామండి’ అని. ఒకాయన కూర్చుంటూనే ‘ఎంత తూగుతుందండీ?’ అన్నాడు. ఇంకొకాయన బరువడగలేదు గానీ, ‘మానిందంటారా? ఎగరగలదంటారా?’ అని రెండుసార్లు అడిగాడు. ఇంకొకాయన ఫారమంతా బుద్ధిగా నింపి, పగలు కోడిని ఎవరు చూసుకుంటారన్న చోట ‘మా మకాంలో కుర్రాళ్ళు’ అని రాశాడు. మకాం అంటే పందెం కోళ్ళని మేపే చోటు. ఆ మాత్రం నాకు తెలియదనుకున్నాడు కాబోలు. అందరికీ లేదన్నాను. హాయిగా, ఒక్కొక్కరి మొహం చూస్తూ లేదన్నాను.

ఏప్రిల్ చివర్లో ఒక ముసలాయన వచ్చాడు. బక్కపలచటి మనిషి, భుజాన తుండు, అరచేతుల నిండా గాట్లు. బస్టాండు దగ్గర కొబ్బరిబోండాలు అమ్ముతానన్నాడు. కోడి గదిలోకి తొంగి చూసి, ‘కుట్టు బాగా ఏశారండి’ అన్నాడు.

‘మీ ఇంట్లో కోడికూర తింటారా?’ అన్నాను.

‘ఆయ్. ఆదివారం ఆదివారం తింటానండి. దీన్ని తిననండి.’

అంత సూటిగా చెప్పినవాళ్ళు అంతకుముందు లేరు. కలం తీసి ఫారం మొదలుపెట్టాను. ‘బోండాలకి ముందు ఏం పని చేసేవారు?’

‘పందేల్లో కత్తులు కట్టేవోణ్ణండి. నలభయ్యేళ్ళు కట్టేను. ఈ ఏడే మానేశాను.’

కలం మూసేశాను. కోడి కాలికి కత్తి కట్టడం అందరికీ వచ్చే పని కాదు. ఎంత ఎత్తున కట్టాలి, ఎంత వాలు ఉంచాలి, అన్నీ లెక్కే. మంచి చెయ్యి ఉన్నవాడి కోసం ఊళ్ళ మీద ఊళ్ళు కార్లు పంపిస్తాయి. అలాంటి చేతుల్లో ఈ కోడిని పెట్టడమా! నోటికొచ్చిందల్లా అన్నాను. సిగ్గులేదా అన్నాను, మళ్ళీ గేటులో అడుగు పెట్టొద్దన్నాను. ఆయన ‘మరేనండి’ అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా నా మీద నాకే గొప్ప గౌరవంగా ఉంది.

మే మొదటి వారంలో మాస్టారు వచ్చారు. హైస్కూల్లో సంస్కృతం చెప్పి రిటైరైన పెద్దాయన. పాలకొల్లులో సగం మందికి ఆయన గురువుగారే. భార్య కూడా వచ్చింది. వాళ్ళింట్లో కోడిగుడ్డు కూడా ఎరగరు, ఉల్లిపాయ సైతం కొన్ని రోజులే. ‘తెల్లవారుజామున లేచి సంధ్య వార్చుకోవడం అలవాటమ్మా. చిన్నప్పుడు పక్కింటి కోడి కూస్తే లేచేవాణ్ణి. ఇప్పుడు సెల్ఫోను లేపుతోంది. దానికి లేవాలంటే ఒళ్ళు మండుతోంది’ అన్నారు నవ్వుతూ.

ఇక ఆలోచించేదేముంది? కూర లేదు, కత్తి లేదు, పెరట్లో అరటిచెట్లు. వాళ్ళింటికి వెళ్ళి చూడాల్సింది. వెళ్ళలేదు. అంతటి పెద్దమనిషిని ‘మీ ఇల్లు తనిఖీ చేస్తాను’ అని ఎలా అంటాను? ఫారంలో సగం ప్రశ్నలు అడగలేక నేనే ఊహించి రాశాను. డాక్టరమ్మ ‘విజిట్ అయిందాండీ?’ అంటే ‘మాస్టారింటికి విజిట్ ఏంటమ్మా, బాగుండదు’ అన్నాను. కోడిని ఆయన చేతిలో పెట్టి గుమ్మందాకా సాగనంపాను. ఇంటికొచ్చి గదిలో కూర్చుని ఏడ్చాను కూడా, సంతోషానికే.

తరవాత రెండుసార్లు ఫోన్ చేశాను. ‘ఆ, ఆ, బాగానే ఉందమ్మా’ అని మాస్టారు ఎండల సంగతిలోకి వెళ్ళిపోయారు. రెండోసారి ‘కూతతో లేస్తున్నారా?’ అన్నాను. ‘లేస్తున్నానమ్మా, లేస్తూనే ఉన్నాను’ అన్నారు. కౌంటరు వెనక ముప్పయ్యేళ్ళు కూర్చున్నదాన్ని, ఆ గొంతులో తడబాటు నాకు వినపడాలి. వినపడలేదు.

మే ఆఖర్లో, మిట్టమధ్యాహ్నం, కత్తుల ముసలాయన మళ్ళీ వచ్చాడు. లోపలికి రావద్దన్నాను కదా, గేటు బయటే ఎండలో నిలబడ్డాడు. నేనే విసవిసా బయటికెళ్ళాను.

‘మన డేగని చెరువులాయన మకాంలో చూసేనండి’ అన్నాడు.

భీమవరం దారిలో చేపల చెరువులున్న పెద్ద రైతు ఒకాయన ఉన్నాడు. ఆయన కొబ్బరితోటలో ఈ ముసలాయన బోండాలు దింపుకుంటాడు. ఆ తోటలోనే మకాం. ‘ఇది పందేనికి పనికిరాదు గానండి, పెట్టల్లో ఏసి జాతి దింపుతారంట. ముందు దీనికి ఓపిక చూడాలని ఇంకో కోడితో వదులుతున్నారండి. కత్తి లేకుండానే లెండి. కానీ ఆ కాలుతో ఎన్నాళ్ళు నిలబడుద్ది?’

‘ఈ సంగతి నాకు చెప్పారని తెలిస్తే ఆయన మీకు బోండాలిస్తాడా?’

‘ఇవ్వరేమోనండి’ అన్నాడు, అదేదో వానొచ్చేట్టుంది అన్నట్టు.

ఆ ఎండలోనే ఆటో చేసుకుని మాస్టారింటికి వెళ్ళాను. నన్ను చూడగానే ఆయన లేచి నిలబడ్డారు. కళ్ళజోడు తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. చెరువులాయన ఆయన పాత శిష్యుడట. మామిడిపళ్ళ బుట్ట తెచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. పెరట్లో కోడిని చూసి, ‘మాస్టారూ, ఇంతకాలానికి మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను, ఇది నాకిప్పించండి’ అన్నాడు.

‘నోరు తెరిచి అడిగాడమ్మా. గుమ్మంలో నిలబడి అడిగాడు. లేదనలేకపోయాను. తరవాత నీకు చెప్పడానికి నోరు రాలేదు’ అన్నారు మాస్టారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొద్దున్నే ఆయన్ని మళ్ళీ సెల్ఫోనే లేపుతోంది.

ఆయన్ని ఏమనగలను? నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన వంటింటి సంగతి అడిగాను గానీ ఆయన మొహమాటం సంగతి అడగలేదు. అడగకపోవడం నా మొహమాటం. మాస్టారు శిష్యుడికి లేదనలేకపోయారు, నేను మాస్టారికి లేదనలేకపోయాను. ఊరందరికీ నేను ఏ జబ్బుకి మందిస్తున్నానో ఆ జబ్బు నాకూ ఉందని అరవై రెండో ఏట తెలిసింది.

మర్నాడు పొద్దున్నే చెరువులాయన ఇంటికి బయల్దేరాను. ముసలాయన దారి చూపిస్తానని వచ్చాడు. వద్దన్నాను, ‘నన్ను చూస్తే బోండాలే గదండీ పోయేది’ అని ఆటో ముందు సీట్లో డ్రైవరు పక్కన సర్దుకున్నాడు. ఆ ఇల్లు చూస్తే నాకే అడుగు తడబడింది. పాలరాతి వసారా, ఉయ్యాలబల్ల, మనుషుల సందడి. కొడుకు పెళ్ళికి ముహూర్తం మాట్లాడుకోవడానికి వియ్యాలవారు వచ్చి ఉన్నారు. ముసలాయన గేటు దగ్గరే ఆగిపోయాడు.

చెరువులాయన ఎదురొచ్చి, ‘రండి రండి, పోస్టాఫీసు అమ్మగారు కదూ! కూర్చోండి’ అని నన్ను వియ్యపురాలి పక్కన కూర్చోబెట్టాడు. ఎందుకొచ్చారని కూడా అడగలేదు. మా వైపు అలా అడగరు, ముందు కాఫీ ఇస్తారు. ఆయన భార్య స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చి చేతికిచ్చింది. దాన్ని టీపాయ్ మీద పెట్టాను.

‘తాగనండి. మీ తోటలో మా డేగ ఉంది. అది నా చేతికొస్తే తాగుతాను.’

మా గోదావరి జిల్లాలో ఒకరింటికి వెళ్ళి, పెళ్ళి మాటలప్పుడు, వియ్యాలవారి ఎదురుగా, ఇచ్చిన కాఫీ తాగనన్న మనిషిని నేనూ ఎరగను. వియ్యపురాలు తన గ్లాసు కూడా మెల్లిగా కింద పెట్టేసింది.

‘ఏ కోడి బావగారూ?’ అన్నాడు వియ్యంకుడు.

చెరువులాయన నవ్వాడు. ‘ఏం లేదు బావగారూ. మా మాస్టారు ముచ్చటపడి ఇచ్చారు. నేనేం లాక్కోలేదండి అమ్మగారూ.’

‘లాక్కోలేదండి. మీరడిగితే ఆయన లేదనలేరని మీకు తెలుసు. అందుకే అడిగారు’ అన్నాను. సంచిలోంచి ఫారం తీసి, పెంచుకోలేకపోతే జంతువుని షెల్టరుకే తిరిగివ్వాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు అన్న వాక్యం పైకి చదివాను. కింద మాస్టారి సంతకం చూపించాను. ‘ఇప్పుడు నేనడుగుతున్నాను. నా కోడి నాకిప్పించండి. ఇవ్వనంటే ఇవ్వననండి. విని వెళ్ళిపోతాను.’

ఆయన ఆ మాట అనలేడు. అది నాకు తెలుసు. వియ్యంకుడు చూస్తున్నాడు, వియ్యపురాలు చూస్తోంది, కాబోయే కోడలి మేనత్త ఉయ్యాలబల్ల ఆపి మరీ చూస్తోంది. ఇంటికొచ్చిన ఆడమనిషి ముందు కాఫీ మీగడ కడుతోంది. ఆయన మింగలేక కక్కలేక ఒకసారి గ్లాసునీ ఒకసారి నన్నూ చూశాడు. ఆయన చేసిన పనే నేనూ చేస్తున్నానని నాకు తెలియకపోలేదు. తెలిసే చేశాను. దానికి ఈ రోజుకీ నాకు సిగ్గులేదు.

చివరికి ఆయన భార్యే పెరటివైపు తిరిగి కేకేసింది. ‘ఆ డేగని గంపలో పెట్టి తీసుకురండర్రా. కాఫీ చల్లారిపోయింది, ఇంకోటి తెస్తానుండండి అమ్మగారూ.’

చల్లారిందీ తాగాను, వేడిదీ తాగాను. వెళ్తుంటే చెరువులాయన ఒక అరటిగెల కారు డిక్కీలో పెట్టించి, ‘ఎండలో ఆటో ఎందుకండీ’ అని తన కారులోనే మమ్మల్ని పంపించాడు. కోడి పోయిన కోపం ఆయనకి ఉండే ఉంటుంది. ఉన్నా అతిథిని ఉత్తచేతులతో పంపడానికి ఆయనకి మనసొప్పదు. మా మనుషులంటే నాకెంత కోపమో అంత ఇష్టం కూడా. ముసలాయన గంప ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. గంప సందుల్లోంచి వేలు పెట్టి దాని మెడ నిమురుతున్నాడు. నాకు రక్తం వచ్చేట్టు పొడిచిన ముక్కు అది, ఆయన వేలిని ఏమీ అనలేదు.

ఈసారి ఇల్లు చూడకుండా ఇవ్వలేదు. మర్నాడు ఆయన ఇంటికి వెళ్ళాను. కాలవ పక్కన రెండు గదుల ఇల్లు. పెరటికి చుట్టూ కొబ్బరాకుల దడి, మూల కొత్తగా వేసిన రేకుల గూడు, పిల్లులు రాకుండా వల. నీళ్ళ మూకుడు నీడన ఉంది. గూటి తలుపు నేను రెండుసార్లు లాగి చూశాను. వంటింట్లో మూతలు కూడా తీసి చూశాను, ఆయన భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

‘మరి ఆదివారం కూరో?’ అన్నాను.

‘బయటెక్కడో తిని వస్తానండి. దాని ఎదురుగా ఎందుకండి.’

‘ఎవరైనా వచ్చి ఇది ఇప్పించమని అడిగితే?’

‘అడగరండి. నేనిచ్చేవోణ్ణి కాదని అందరికీ తెలుసండి. నలభయ్యేళ్ళు ఎంతెంత పెద్దోళ్ళు అడిగినా, నా చేతి కట్టు ఎవరికీ నేర్పలేదండి.’

ఫారంలో ఒక్క గడి మిగిలింది. ఎందుకు పెంచుకోవాలనుకుంటున్నారు. మొదటిసారి ఆయన్ని అంతదాకా రానివ్వకుండానే గెంటేశాను. ఇప్పుడు అడిగాను. ఆయన దడి మీద చెయ్యి వేసి, గూట్లో అటూ ఇటూ కుంటుతూ తిరుగుతున్న కోడిని చూస్తూ ఉన్నాడు.

‘దీనికి తగిలిన కత్తి కట్టింది నేనేనండి. ఆఖరి కట్టు అది. పోలీసులొస్తే పారిపోయేను గానండి, అది బతికే ఉందని తరవాత తెలిసింది.’ గూటి వల ఒకసారి సరిచేశాడు. ‘ఎన్ని ఏల కోళ్ళకి కట్టేనో నాకే తెలీదండి. అన్నీ రెండేళ్ళవే, మూడేళ్ళవే. పందెం కోడి ముసల్దైతే ఎలాగుంటదో నేనింతవరకూ చూడలేదండి అమ్మగారూ. ఒక్కదాన్ని చూద్దామనండి.’

అదే మాట ఆ గడిలో రాశాను. చోటు చాలక పక్కన అంచులో కూడా రాయాల్సి వచ్చింది. కాయితం మీద అక్షరాలు అలుక్కుపోయాయి, నా కళ్ళ వల్లే. ఆయన సంతకం పెట్టాడు.

వానలు వేళకే వచ్చాయి. గది ఖాళీ అయింది, కుక్కపిల్లలతో నిండింది. కొన్ని బతికాయి. మాస్టారికి ఎవరూ అడగని ఒక ముసలి పిల్లినిచ్చాం. అది తెల్లవారుజామునే పాల కోసం ఆయన ఛాతీ మీదెక్కి కూర్చుంటోందట. చెరువులాయన ముసలాయనకి బోండాలివ్వడం మానలేదు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు కూడా. నేను ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా, గురువైనా గుడి పూజారైనా, మేడ మెట్లెక్కి చూసే వస్తున్నాను. కుక్కలకి ఇళ్ళు దొరుకుతున్నాయి. నల్లకుక్కలకి కొంచెం ఆలస్యంగా దొరుకుతాయి, అంతే.

ముసలాయన ఈ అయిదేళ్ళలో నాకు ఫోన్ చేసింది తక్కువ. నేనే నెలకోసారి వెళ్ళి చూసొస్తున్నాను. మొన్న పొద్దున్నే ఫోన్ మోగింది. ఏమైందోనని కంగారుగా ఎత్తాను.

‘అమ్మగారండీ, ఒక్కసారి వచ్చి చూడండి! మూడు రోజుల్నుంచీ తెల్లారి ఏడైనా గూట్లోంచి లెగట్లేదండి. కూత మొదలెట్టి సగంలో ఆపేస్తంది. కాలి ముళ్ళు వంకర తిరిగిపోయాయండి. ఎర్రదనమంతా ఎలిసిపోయింది. నిన్న అరుగెక్కలేక నా మొహం చూసిందండి, నేనే ఎత్తి కూర్చోబెట్టేను. ముసల్దైపోయిందండి అమ్మగారూ, నిజంగా ముసల్దైపోయింది!’

కొడుక్కి మెడిసిన్‌లో సీటొచ్చిందని చెప్పే తండ్రి గొంతు అది. వస్తున్నానన్నాను. బాదంపప్పు ఇప్పుడు నమల్లేదేమో, నానబెట్టి మెత్తగా నూరి డబ్బాలో పెట్టుకుని ఆటో ఎక్కాను.